ఎండ వచ్చే చోటు

ఆ ఇంట్లో గోడకు ఒక్క మేకు కూడా కొట్టనివ్వలేదు విరూపాక్షం.

విజయవాడలో, ఇరుకు సందులో, రెండు పెద్ద అపార్ట్‌మెంట్ల మధ్య నొక్కిపెట్టినట్టున్న చిన్న అపార్ట్‌మెంటు అది. అందులో రెండో అంతస్తులో వాళ్ళ వాటా. ఒక హాలు, ఒక పడకగది, ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళకు చోటు చాలని వంటిల్లు. అద్దెకు దిగి ఏడాది దాటింది. భార్య వకుళ పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామాను మాత్రం అట్టపెట్టెల్లోనే ఉంది. హాల్లో గోడవారగా ఒకదానిమీద ఒకటి, కట్టిన పురికొస కట్టినట్టే.

దిగిన కొత్తలో వకుళ అడిగింది. "ఈ కిటికీకి ఒక తెర కుట్టుకుంటానండీ."

"అద్దింటికి అలంకారాలెందుకు? రేపు ఖాళీ చెయ్యమంటే మళ్ళీ అన్నీ విప్పుకోవాలి" అన్నాడు విరూపాక్షం.

కొన్నాళ్ళకు బొమ్మలు పెట్టుకోడానికి చిన్న చెక్క అడిగింది. ఆ తరువాత ఒక తులసి కుండీ. ప్రతిసారీ అదే జవాబు. క్రమంగా అడగడం మానేసింది. ఆమెకూ వైరాగ్యం అబ్బుతోందని విరూపాక్షం లోలోపల సంతోషించాడు. ఆమె వంటింట్లో నిలబడే అన్నం తినేస్తోందనీ, ఇంటిపని అయ్యాక పగలంతా ఎదురింటివాళ్ళ వరండాలో గడిపి అతను ఆఫీసు నుంచి వచ్చే వేళకు తాళం తీస్తోందనీ అతను పట్టించుకోలేదు.

ఈ వైరాగ్యమంతా అతను కూర్మనాథస్వామి దగ్గర నేర్చుకున్నానని అనుకునేవాడు. స్వామికి ఊరంటూ లేదు. భుజాన ఒక గుడ్డసంచి, ఒంటిమీద కావి పంచె. ఏ ఊళ్ళోనూ నిలవకుండా తిరిగే మనిషి. ఒకసారి ఎవరితోనో మాటల మధ్య, "మనమంతా అద్దెకు దిగినవాళ్ళమే కదయ్యా" అని నవ్వారు. పక్కన కూర్చున్న విరూపాక్షం ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు.

అలాంటి స్వామి ఆ వేసవిలో కబురు పెట్టారు. దారిలో విజయవాడలో ఆగుతారట, ఒక రోజు వాళ్ళింట్లో ఉంటారట.

విరూపాక్షానికి కాలు నిలవలేదు. రైల్వే ఆఫీసులో సెలవు పెట్టుకున్నాడు. ఉన్న ఒక్క కుర్చీని కూడా పక్కింటివాళ్ళకిచ్చేశాడు. గోడమీద పాత మేకుకు మిగిలిన క్యాలెండరు తీసేశాడు. స్వామి గుమ్మంలో అడుగుపెట్టగానే ఏమంటారో అతనికి ముందే వినిపిస్తోంది.

సాయంత్రం స్వామి వచ్చారు. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి, బోసి గోడలు చూశారు, పెట్టెలు చూశారు. వకుళ వైపు తిరిగారు.

"ఎప్పుడు ఖాళీ చేస్తున్నారమ్మా?"

వకుళ తల దించుకుంది. "లేదు స్వామీ. ఇక్కడే ఉంటున్నాం" అంది.

విరూపాక్షం ముఖం వెలవెలబోయింది. స్వామి పెట్టింది తిని, చాప పరుచుకుని పడుకున్నారు.

తెల్లవారి విరూపాక్షం లేచేసరికి చీపురు చప్పుడు వినిపించింది. స్వామి హాలు ఊడుస్తున్నారు. అతను పరుగున వెళ్ళి చీపురు అందుకోబోతే ఇవ్వలేదు.

"ఈ ఇంట్లోకి ఎండ ఎటునుంచి వస్తుంది?" అని అడిగారు.

"రాదు స్వామీ. రెండు పక్కలా అపార్ట్‌మెంట్లు అడ్డం" అన్నాడు విరూపాక్షం.

వంటింటి గుమ్మంలోంచి వకుళ మెల్లగా అంది. "వస్తుంది స్వామీ. ఈయన ఆఫీసుకు వెళ్ళాక. రెండు మేడల సందులోంచి వంటింటి కిటికీమీద పడి, ఈ గుమ్మంలోంచి హాల్లోకి వస్తుంది. కాసేపే ఉంటుంది."

"ఎక్కడ పడుతుంది తల్లీ?"

ఆమె హాల్లోకి వచ్చి పాదంతో నేలమీద ఒక చోటు చూపించింది. "ఈ నెలలో ఇక్కడ. చలికాలంలో అయితే ఆ గోడదాకా పాకుతుంది."

విరూపాక్షం ఆ చోటు వంక చూశాడు. అందులో సగం పెట్టెల కింద ఉంది.

"అయితే ఇవి జరపాలి. ఏమున్నాయో చూడొచ్చా?" అన్నారు స్వామి.

వకుళ భర్త వైపు చూసింది. స్వామి అప్పటికే కింద కూర్చుని ముడి విప్పుతున్నారు.

మొదటి పెట్టెలో, పాత చీరలో చుట్టిన కొండపల్లి బొమ్మలు. స్వామి ఒక్కొక్కటే తీసి పంచె కొంగుతో తుడిచారు. ఏనుగును హాలు కిటికీ గట్టుమీద పెట్టి, వెనక్కి వెళ్ళి, తల పక్కకు వాల్చి చూశారు. నచ్చలేదు. మళ్ళీ వచ్చి కొంచెం జరిపారు. మళ్ళీ వెనక్కి వెళ్ళారు. కల్లుకుండల మనిషిని ఎక్కడ పెట్టాలో వకుళను అడిగారు. ఆమె చెప్పిన చోటు కాదన్నారు. కాదు, అక్కడే బాగుంటుందని ఆమె పట్టుబట్టింది. స్వామి ఓడిపోయి ఆమె చెప్పిన చోటే పెట్టారు. బొమ్మలు చుట్టిన ఆ పాత చీరను వకుళే ఆ కిటికీ ఊచలకు తెరలా కట్టింది. కుచ్చిళ్ళు సమంగా వచ్చేదాకా విప్పి కడుతూనే ఉంది.

విరూపాక్షం ఒక మూల నిలబడి చూస్తున్నాడు. తనకంటూ గోడ కూడా లేని మనిషి, జీవితాంతం ఆ ఇంట్లోనే కాపురముండబోతున్నట్టు ఒక చెక్క ఏనుగును అటూ ఇటూ జరుపుతున్నాడు. ఆ చేతుల్లో తొందర లేదు. ఆ కళ్ళల్లో ఇంకో ఊరి ఆలోచన లేదు. ధ్యానంలో కూర్చున్నప్పుడు స్వామి ముఖం ఎలా ఉంటుందో విరూపాక్షానికి తెలుసు. ఇప్పుడూ అలాగే ఉంది.

ఉండబట్టలేక అడిగాడు. "స్వామీ, రేపు తెల్లవారేసరికి వెళ్ళిపోతున్నారు కదా. మీకెందుకీ శ్రమ?"

"రేపు వెళతాను నాయనా. మరి ఇవాళ ఎక్కడుండను?"

స్వామి అడిగిన తీరు చూస్తే నిజంగానే జవాబు కోసం అడిగినట్టుంది. విరూపాక్షం వెళ్ళి ఆఖరి పెట్టె తనే విప్పాడు.

అందులో ఒక ఇత్తడి పళ్ళెం ఉంది. వెడల్పాటిది, అంచు ఎత్తుగా ఉన్నది. చూడగానే గుర్తుపట్టాడు. పెళ్ళిపీటల మీద మామగారు తన కాళ్ళు కడిగిన పళ్ళెం. ఏడాదిగా చీకట్లో ఉండి నల్లబడింది.

"చింతపండు ఉందా?" అని వకుళను అడిగాడు.

ఆమె అతని వైపు కాస్త వింతగా చూసి, తెచ్చి ఇచ్చింది. విరూపాక్షం కింద కూర్చుని తోమాడు. చేతులు నొప్పిపుట్టేదాకా తోమాడు. పళ్ళెం మెల్లగా పసుపు తిరిగింది. స్వామి దాన్ని తీసుకుని, వకుళ చూపించిన చోట నేలమీద పెట్టి, బిందెలోంచి నీళ్ళు పోశారు.

ముగ్గురూ కూర్చున్నారు. పక్క మేడమీద ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు. సందులో మజ్జిగ అమ్మే మనిషి కేక.

వంటింటి గుమ్మంలో సన్నగా ఒక వెలుగు గీత పడింది. అది గడప దాటింది. నేలమీద కొంచెం కొంచెంగా వెడల్పవుతూ వచ్చి పళ్ళెం అంచును తాకింది. ఆ తరువాత నీళ్ళలోకి దిగింది.

స్వామి చూపుడువేలితో నీటిని ఒకసారి తాకారు.

పైకప్పంతా కదిలింది. చెమ్మ మరకలతో, ఫ్యాను మసితో ఉన్న ఆ పైకప్పు మీద బంగారు వల ఒకటి పరుచుకుంది. విడిపోతూ, కలుస్తూ, గోడలమీదికి జారుతూ, మళ్ళీ పైకి పాకుతూ. కృష్ణలో మునిగి, నీళ్ళ అడుగున కూర్చుని తల పైకెత్తినట్టుంది. ఇంటి కొలతలు పోయాయి. అది ఎవరి ఇల్లు, ఎన్నాళ్ళ ఇల్లు అన్న సంగతే అతనికి గుర్తు లేదు. అతనికి తెలియకుండానే రెండు చేతులూ కలిశాయి.

"రోజూ నేలమీదే చూశాను దీన్ని" అంది వకుళ, తనలో తను అనుకున్నట్టు.

అప్పుడు ఆమె వైపు తిరిగాడు. హాలు మధ్యలో, కాళ్ళు చాపుకుని, గోడకు ఆనుకోకుండా, చిన్నపిల్లలా మెడ వెనక్కి వాల్చి కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె అలా కూర్చోగా అతను ఎన్నడూ చూడలేదు. ఆమె నుదుటిమీద, చెంపలమీద, తడిసిన కళ్ళమీద వెలుగు అలలు అలలుగా కదులుతోంది. పైకప్పును చూడడం మానేసి విరూపాక్షం ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

ఎంతసేపు గడిచిందో తెలియదు. పక్క మేడ నీడ వంటింటి కిటికీమీదికి వచ్చింది. వల ఒక కొసనుంచి చిరుగుతూ వచ్చి, ఒక చిన్న తునక మిగిలి, అదీ పోయింది. పళ్ళెంలో మామూలు నీళ్ళు మిగిలాయి.

"వెళ్ళిపోయింది స్వామీ" అన్నాడు విరూపాక్షం.

"వచ్చినప్పుడు ఇంట్లోనే ఉన్నావుగా నాయనా" అన్నారు స్వామి.