నూకరత్నం తమలపాకు తీగ

అనగా అనగా, లారీలు ఆగి టీ తాగిపోయే ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒక కోడలు. కాళ్ళు ఆడించకు అమ్మడూ. దుప్పటి కప్పుకో, విను.

నూకరత్నం మొగుడు లారీ నడిపేవాడు. నెలకి ఇరవై రోజులు రోడ్డు మీదే. ఇంట్లో ఉండేది ఆమె, ఆమె అత్త అప్పలనరసమ్మ. అత్తది గట్టి గొంతు. వీధి ఆ చివర అరిస్తే ఈ చివర కుక్క లేచి నిలబడేది.

నూకరత్నం పుట్టింట్లో ఒకప్పుడు తమలపాకు తోట ఉండేది. ఒక ఏడు తుఫాను వచ్చింది. అవిసె చెట్లు పడిపోయాయి. వాటి మీద పాకిన తీగలన్నీ నీళ్ళలో మునిగి చచ్చాయి. ఆ బెంగతోనే వాళ్ళ నాన్న కూడా పోయాడు. ఇక మిగిలింది ఒక్కటే తీగ. అంతకుముందే నూకరత్నం కాపురానికి వస్తూ నూనె డబ్బాలో తెచ్చుకున్న తీగ. ఎండ తగలకుండా వంటింటి కిటికీ లోపల పెంచుకుంది. ఆ ఆకు నమిలితే లవంగం కొరికినట్టుండేది. ఆ రకం ఇంకెక్కడా లేదు.

ఒకరోజు ఆమె తమ్ముడు సూరిబాబు ఫోన్ చేశాడు. "అప్పా, నాన్న నేల బాగు చేశాను. అవిసె మొక్కలు నడుమెత్తు లేచాయి. వానలు పడగానే వస్తాను. నాన్న తీగ ముక్కలు కోసుకెళ్తాను. బాగుందా అది?"

"కిటికీ దాటి పాకిందిరా!" అంది నూకరత్నం.

అప్పటికి బాగానే ఉంది. కానీ డబ్బా తుప్పు పట్టి అడుగు ఊడిపోయింది. అప్పుడు ఆమె ఒక కొత్త కుండ కొంది. నీళ్ళు పోవాలని అడుగున మేకుతో చిల్లు చేసింది. తీగని అందులోకి మార్చింది.

ఆ తర్వాత పదిహేను రోజులకి కింది ఆకు పసుపు పచ్చగా మారింది. మర్నాడు ఇంకొకటి. నూకరత్నానికి కాలు నిలవలేదు. పొయ్యి మీద కూర పెట్టి కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గర్నుంచి మళ్ళీ పొయ్యి దగ్గరికి తిరిగింది. ఆ రోజు కూర మాడింది.

"దాహమే అది! ఎలా వాలిపోయిందో చూడు," అంది అత్త. రోజూ పొద్దున బియ్యం కడిగిన నీళ్ళు తనే తెచ్చి పోసింది. తీగ ఇంకా వాలింది.

అప్పుడు పక్కింటి పైడమ్మ వచ్చింది. "దిష్టే! కిటికీలోంచి లారీవాళ్ళందరూ చూస్తన్నారు కదా," అంది. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గు పట్టుకుంది. తీగ మాత్రం లేవలేదు.

ఆ తర్వాత నూకరత్నమే వేరుశెనగ చెక్క నానబెట్టి ఆ నీళ్ళు పోసింది. వాళ్ళ నాన్న తోటలో అలాగే పోసేవాడు మరి. మూడో రోజుకి కుండలోంచి మురుక్కాలవ కంపు లేచింది.

ఆ కంపు ఆమెకి తెలుసు. తుఫాను తర్వాత పుట్టింటికి వెళ్ళినప్పుడు తోటంతా అదే కంపు. ఆమె కుండని ఎత్తి పెరట్లోకి పట్టుకెళ్ళి బోర్లించింది. నీళ్ళు బొళుక్కున పడ్డాయి, వెనకే మట్టి, మట్టిలో వేళ్ళు. వేళ్ళు నల్లగా, జిగటగా ఉన్నాయి. పట్టుకుంటే పైతొక్క చేతికి ఊడి వచ్చి, లోపల దారప్పోగు మిగిలింది.

చూశావా అమ్మడూ? కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు. తాగలేక ఆకు వాలితే, మనం దాహం అనుకుని ఇంకా పోస్తాం. ప్రేమగా పోసి చంపుతాం! నాకు ఒళ్ళు మండేది అక్కడే.

అప్పుడు నూకరత్నం కుండ అడుగు చూసింది. చిల్లు లేదు. బెల్లం, సున్నం కలిపి ఎవరో దాన్ని మెత్తేశారు. అది రాయిలా గట్టిపడింది.

"అత్తా! ఇది నువ్వు చేశావా?"

"చేశాను. అయితే ఏం?" అంది అప్పలనరసమ్మ. "చిల్లు కుండ ఇంట్లో పెడతావా? నా కొడుకు రోడ్డు మీద ఉన్నాడు. వాడు ఫోన్ చేసి మూడు రోజులైంది, తెలుసా నీకు?"

"చెట్టుకి పెట్టిన చిల్లు అత్తా అది!"

"కుండకి పెట్టిన చిల్లే!" అని అరిచింది అత్త. "మీ మావ చితి చుట్టూ ఆ కుండ మోసింది ఎవడనుకున్నావు? తొమ్మిదేళ్ళ పిల్లాడు. మూడు చుట్లు, చుట్టుకో చిల్లు. తడిసిన భుజంతో ఇంటికొచ్చి, ఆకలేస్తోందమ్మా అన్నాడు. ఆ కుండ మళ్ళీ నా గడప లోపల ఉండడానికి వీల్లేదు."

నూకరత్నానికి కోపం పోలేదు, అయినా తిట్టలేదు. బురదలో కూర్చుని తీగని ఒళ్ళోకి తీసుకుంది. "ఇది చస్తే మా నాన్న రెండోసారి చచ్చినట్టే అత్తా. తమ్ముడికి ఏం చెప్పను?" అంది.

అత్త విసవిసా లోపలికి పోయింది. అటక మీద దడదడమని చప్పుడైంది. ఆ తర్వాత ఒక వెదురు గంప తెచ్చి కోడలి ముందు పడేసింది. మొగుడు పోయాక కూరగాయలు నెత్తిన పెట్టుకుని ఆమె ఊరూరా తిరిగిన గంప అది. అంచు అరిగి నున్నగా ఉంది.

"ఇది కుండ కాదు. నీళ్ళు నిలవవు. తడికూరలు మోసినప్పుడల్లా నా జుట్టంతా తడిసేది. దీన్లో పెట్టు," అంది.

అప్పుడు నూకరత్నం కత్తి మంట మీద కాల్చింది. నల్లబడ్డ వేళ్ళన్నీ కోసేసింది. ఒక్కటీ తెల్లది మిగల్లేదు. కాండం మొదలూ జానెడు నల్లబడింది, అదీ కోసేసింది. పచ్చగా ఉన్న పై తీగని కణుపులు చూసి మూడు ముక్కలు చేసింది. కోసినచోట బూడిద అద్ది, నీడలో పూట ఆరనిచ్చింది. గంపలో కొబ్బరి పీచు పరిచి, ఇసుక కలిపిన మట్టి పోసి, మూడింటినీ గుచ్చింది. చేతి తడి చిలకరించింది, అంతే.

ఇక ఎదురుచూడడం. అదే కష్టం అమ్మడూ. అత్త ఫోన్ పట్టుకుని వాకిట్లో తిరిగింది. కోడలు మట్టిలో వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. అత్త చెంబు పట్టుకుని కిటికీ దాకా వస్తే, "అత్తా!" అనేది కోడలు. కోడలు చెంబు ముట్టుకుంటే, "ఒసే!" అనేది అత్త.

రెండు రోజులకి కొడుకు ఫోన్ చేశాడు. దారిలో వంతెన మీంచి వరద పారుతోందట, లారీలన్నీ ఆగిపోయాయట, ఫోన్లూ కలవలేదట. అత్త కాసేపు తిట్టింది, ఆ తర్వాత ఏడ్చింది.

వారానికి మొదటి ముక్క కుళ్ళింది. రెండో వారానికి రెండోది ఎండింది. మూడోది చావలేదు, బతకలేదు, అలాగే నిలబడింది. ఆకాశం చూస్తే మబ్బు పట్టింది. నాలుగో వారానికి ఆ మూడోదాని కణుపులోంచి గోరంత ఆకు తొంగి చూసింది. దాని వెనక ఇంకొకటి.

ఆ సాయంత్రమే వాన పడింది. మర్నాడు పొద్దున సూరిబాబు గోనెసంచి పట్టుకుని వచ్చాడు. గంపలోకి చూసి, సంచి కింద పెట్టేశాడు.

"ఏమైంది అప్పా? కిటికీ దాటి పాకిందన్నావు?"

అప్పుడు అప్పలనరసమ్మ ముందుకొచ్చింది.

"దాన్ని అడక్కు. చిల్లు మూసింది నేను. తీగ నా వల్లే పోయింది. నన్ను తిట్టు."

సూరిబాబు తిట్టలేదు. "ఒక్క మొలకతో తోట ఎలా అత్తా?" అన్నాడు.

"నేను ఒక్క కొడుకుతో ఇల్లు నిలబెట్టాను," అంది ఆమె. గంపని తనే ఎత్తి అతని నెత్తిన పెట్టింది. "మెడ నిటారుగా పెట్టుకుని నడువు. గంప తిరిగి ఇవ్వక్కర్లేదు."

ఆ తర్వాత మొదటి ఏడు తీగ ఒక్క అవిసె చెట్టెక్కింది. రెండో ఏడు పది చెట్లెక్కింది. మూడో ఏడు తోటంతా ఎక్కింది. ఆ ఏడు జోరు వానలో అప్పలనరసమ్మ బస్సెక్కి ఆ తోటకి వెళ్ళింది. గట్టు మీద నిలబడి, తడుస్తూ, ఊరంతా వినబడేలా అరిచింది: "ఒరే సూరీ, నిద్దరోతున్నావా? నీళ్ళు నిలుస్తున్నాయి, కాలవ తెరవరా!"

కుళ్ళిన వేరు పెంటకి,
మిగిలిన తీగ తోటకి,
చెప్పిన కథేమో కంచికి,
నీ కన్నేమో నిద్దరకి.