నక్క ఇచ్చిన ఆకు పసరు

జ్యేష్ఠ బహుళ ఏకాదశి, గురువారం, పొద్దున్న ఏడున్నర. ఉడుత కోటిరత్నమ్మ కృష్ణా రామా అనుకుంటూ వేపచెట్టు దిగి, వేరుశనక్కాయలు పాతిన చోటు మర్చిపోయింది.

వానాకాలమంతా పదకొండు ప్రాణాలు బతకాల్సిన తిండి అది. దొంగల భయానికి, గింజలు పాతిపెట్టిన ఏ దాపు ఎక్కడుందో ఇంటి పెద్దావిడ ఒక్కతికే తెలియాలని ఆ ఇంటి ఆచారం. ఇరవై దాపుల్లో ఆరు అప్పటికే ఆవిడ బుర్రలోంచి జారిపోయాయి.

“నిన్న నన్ను పిలవడానికి మీ ముగ్గురు కూతుళ్ళ పేర్లూ తిరిగి వచ్చారు అత్తయ్యా,” అంది కోడలు పైడమ్మ. “వైద్యుడికి చూపిద్దాం.”

వచ్చినవాడు నక్క గుర్నాథం. ఆవిడ నడినెత్తిన చెవి ఆనించి విన్నాడు.

“తుప్పమ్మా. లోపల నరాలకి తుప్పు పడుతోంది. ఆకు పసరు పడితే ఆగుతుంది.”

“నేనేమన్నా ఇనప గొలుసునా నాయనా?”

“అంతకన్నా పాతవారు.”

అడవిలోకి పోవడానికి బద్ధకించి, కాలవ గట్టున కాలికి తగిలిన ఆకేదో పీకి, నూరి ఇచ్చాడు. “గుణం తెలియాలి కదా, రోజుకో దాపు నా చెవిలో చెప్పండి.”

ఆవిడ చెప్పింది. అతను గంభీరంగా తలాడించి, వెళ్ళి తవ్వుకు తిన్నాడు. నాలుగు రోజుల్లో నాలుగు దాపులు ఖాళీ.

తీరా చూస్తే అది సరస్వతి ఆకు. గుర్నాథానికి ఆ సంగతి తెలీదు. పోయినవి తిరిగి రాలేదు గానీ, ఆనాటి నుంచి చూసిందీ విన్నదీ ఒక్కటీ ఆవిడ్ని వదిలి పోలేదు.

“శుక్రవారం అతని మూతికి మట్టి,” అంది కోడలితో మెల్లగా. “శనివారం మీసానికి వేరుశనగ పొట్టు. నిన్న త్రేన్పు.”

“కరిచేద్దామా అత్తయ్యా?”

“మనం నక్కని కరవడమేమిటే, ఊరుకో.”

సోమవారం గుర్నాథం చెవి ఒగ్గాడు. జపమాల చేతిలో పెట్టుకుని అబద్ధమాడే మనిషి కాదు కోటిరత్నమ్మ.

“రేగుపొద కింద బొక్క ఉంది నాయనా. తల పూర్తిగా దూర్చాలి. అక్కడున్నది ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోరు.”

కాసేపటికి మొహం నిండా ముళ్ళతో తిరిగొచ్చాడు. “అందులో ముళ్ళపంది ఉందని చెప్పలేదేం?”

“మీరు చోటే కదా అడిగారు. మందు బాగా పనిచేస్తోంది, ఇంకో మోతాదు ఇవ్వండి.”

మర్నాడు పొద్దున్నే ఇంటిల్లిపాదీ గుక్కెడు పసరు తాగి, ఆవిడ చుట్టూ కూర్చుని, మిగిలిన పది దాపులూ తలా ఒకటి కంఠతా పట్టారు.

నీతి: ఎదుటివాళ్ళ మతిమరుపు మీద బతకదలచినవాడు వాళ్ళకి మందు మాత్రం ఇవ్వకూడదు.