చెలమ దగ్గర దివాణం

ఇప్పచెట్ల అడవిలో దుప్పులు, కుందేళ్ళు, ముంగిసలు, అడవికోళ్ళు కలిసి బతికేవి. ఆ ఏడు ఎండలకు వాగు ఎండిపోయింది. నీళ్ళంటే మిగిలింది ఒక్క మడుగే.

మడుగులో మొదటి గుక్క దుప్పులది. వాళ్ళని అందరూ ‘దివాణం వారు’ అనేవారు. దివాణం వారు తాగి, నీళ్ళన్నీ బురద చేసి, తీరుబడిగా వెళ్ళాకే మిగతావాళ్ళు మూతి పెట్టాలి. చురుకమ్మ అనే ముంగిసకు ఇది చూస్తే కడుపు మండేది. ఆమె పిల్లలు దాహంతో నాలుకలు బయటపెట్టి పడి ఉండేవి మరి.

అసలీ దివాణం అనే పేరు ఎలా వచ్చిందని ఆమె మడుగు ఒడ్డునే ఉండే ముసలి తాబేలు తాతను అడిగింది. ఒకప్పుడు మడుగులో మొసలి ఉండేదట. ఓ ముసలి దుప్పి రోజూ తనే ముందు దిగి, కాలితో నీళ్ళు కలియబెట్టి చూసి, భయం లేదనుకుంటేనే అందరినీ పిలిచేదట.

“ముందు నిలబడింది కాబట్టి దివాణం అన్నారమ్మా. ముందు తాగింది కాబట్టి కాదు,” అన్నాడు తాత.

మర్నాడు ఒడ్డు బురదలో పెద్ద పొట్ట ఈడ్చుకుపోయిన జాడ కనిపించింది. మళ్ళీ మొసలి వచ్చింది. అందరూ దుప్పుల పెద్ద భూపతి వైపు చూశారు. అతను గొంతు సవరించుకున్నాడు.

“ఇవాళ మొదటి గుక్క నీకే ఇస్తున్నాం చురుకమ్మా. దివాణం వారి దయ అనుకో.”

“ఆ దయ మీ దగ్గరే ఉంచుకోండి దొరా. దిగి చూసే పని మీది. చూడండి.”

భూపతి కదల్లేదు. చురుకమ్మ ఎండిన వాగులోకి దిగి ఇసుక తవ్వడం మొదలుపెట్టింది. గోళ్ళు అరిగాయి. కుందేళ్ళు వచ్చి సాయం పట్టాయి. మధ్యాహ్నానికి ఇసుక తడిసింది, తడి ఊటయింది, ఊట చెలమయింది. అద్దంలాంటి నీళ్ళు.

చురుకమ్మ గట్టెక్కి కాపలా కాసింది. ముందు పిల్లలు తాగాయి, తర్వాత ముసలివాళ్ళు. దుప్పి పిల్లలు కూడా సిగ్గుపడుతూ వచ్చి మూతులు పెట్టాయి.

భూపతికి మాత్రం కుందేళ్ళు తవ్విన గుంటలో తాగడం నామోషీ అనిపించింది. తలెత్తుకుని మడుగుకే వెళ్ళాడు. తోక మొసలి నోట్లో వదిలి, కాలికి గాయంతో కుంటుకుంటూ తిరిగొచ్చాడు.

చురుకమ్మ ఎగతాళి చెయ్యలేదు. జరిగి చోటిచ్చింది. భూపతి కొమ్ములు వంచి తాగాడు.

ఆ సాయంత్రం అడవికోళ్ళు కొమ్మలెక్కి ముంగిసలే దివాణం వారని అడవంతా చాటాయి. ఆ మాట చెవిన పడగానే చురుకమ్మ ఒళ్ళు పులకరించింది. మరుక్షణమే మళ్ళీ కాపలాకు గట్టెక్కింది.

నీతి: గొప్పింటి పేరు తాతల నుంచి రావచ్చు, దానికి తగ్గ పని మాత్రం ఎవరికి వారే చెయ్యాలి.