బాత్రూమ్ చెప్పులు

ఆ ఫోన్ వచ్చిన మధ్యాహ్నం నుంచి హేమావతికి కంప్యూటర్ గది అంటేనే భయం పట్టుకుంది. ఆ తలుపు ముందు నుంచి నడవాల్సి వస్తే పెరట్లోంచి చుట్టు తిరిగి వెళ్ళేది.

ఆమెకు కంప్యూటర్ బాగా వచ్చు. ఆ సంగతి ఆశ్రమంలో తెలియనివాళ్ళు లేరు, రోజూ ఆమే చెప్పేది కాబట్టి. మొగుడు చెయ్యి కాలిస్తే పారిపోయి వచ్చిన సుగుణ చేత నర్సింగ్ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టించింది కూడా ఆమే. అందరూ వాడే పెద్ద బ్రౌజర్ తెరిచి, "నీ ఖాతాతో లోపలికి రా అక్కా, ఇక అన్నీ అదే గుర్తుపెట్టుకుంటుంది" అంది.

అది నిజంగానే అన్నీ గుర్తుపెట్టుకుంది. ఆ ఖాతా పెళ్ళయిన కొత్తలో మొగుడు తెరిచి ఇచ్చింది. అతని ఫోన్‌లోనూ అదే ఖాతా. ఇక్కడ సుగుణ ఏం వెతికినా అక్కడ అతనికి కనబడుతోంది.

ఆ సంగతి అతనే ఫోన్ చేసి చెప్పాడు. ఫోన్ ఎత్తింది హేమావతి.

"కాలిన మచ్చలకి ఏం పూయాలని వెతికింది నిన్న. చెయ్యి తగ్గిందామ్మా?" అని మర్యాదగా అడిగాడు. "మీ ఊరి నుంచి బస్సులు కూడా చూసింది. ఎక్కడికి వెళ్ళాలో చెప్పండి, నేనే వచ్చి తీసుకెళతాను."

అతను కేకలు వేసి ఉంటే అంత భయం వేసేది కాదు.

ఆ రోజే హేమావతి పెద్ద బ్రౌజర్‌ని వదిలేసింది. ఎవరికీ ఏమీ చేరవేయదని పేరున్న చిన్న బ్రౌజర్ ఒకటి పెట్టుకుంది. హాల్‌టికెట్లు వచ్చేదాకా మనసు కుదుటగానే ఉంది. తీరా చూస్తే చిన్నదానిలో పరీక్ష సైటు సగం తెరుచుకుని ఆగిపోయింది. పెద్ద బ్రౌజర్‌లోనే తెరవమని పైన ఎర్ర అక్షరాలు. మర్నాటితో గడువు ఆఖరు.

ఆశ్రమంలోకి వచ్చే ధైర్యం అతనికి లేదు, చుట్టూ ఊరు ఊరంతా ఆశ్రమం నడిపే రుక్మాంబ అమ్మగారి మనుషులే. కానీ పరీక్ష ఎక్కడో పట్నంలో. హాల్‌టికెట్ అతని కంటబడిందంటే పరీక్ష రాసేచోటి గేటు దగ్గర కాచుకుని ఉంటాడు. తీసుకోకపోతే సుగుణకు ఏడాది పోతుంది.

మధ్యాహ్నం అందరూ బంతిలో కూర్చుని భోంచేస్తున్నారు. హేమావతి తన గురువు రుక్మాంబ పక్కన కూర్చుంది.

"అమ్మా, నాకు భయంగా ఉంది. మళ్ళీ ఆ పెద్ద బ్రౌజర్ తెరవాలంటే ధైర్యం చాలడం లేదు. వదిలితే పూర్తిగా వదలాలి, లేకపోతే వదలనట్టే కదా! పరీక్ష మానుకోమని అక్కకి చెప్పేయనా? లేకపోతే ఎప్పట్లా అన్నిటికీ పాతదే వాడుకుందామా?"

రుక్మాంబ లేచింది. చెయ్యి కడుక్కుని పెరటి వైపు వెళ్ళింది.

కాసేపటికి టపటపా చప్పుడు వినిపించింది. బాత్రూమ్‌లో ఉండే నీలం రబ్బరు చెప్పులు వేసుకుని, నీళ్ళు ఓడుతూ, ఆవిడ నేరుగా బంతి మధ్యకు నడిచి వచ్చింది. హేమావతి విస్తరి ముందు ఆగింది. అటూ ఇటూ ఉన్నవాళ్ళు గబగబా విస్తళ్ళు వెనక్కి లాక్కున్నారు.

"అమ్మా! అవి బాత్రూమ్ చెప్పులు!" అని అరిచింది హేమావతి.

"అయితే పారేసి రానా?"

"వద్దమ్మా. అక్కడంతా నాచు. అవి లేకపోతే జారి పడతాం."

"పోనీ, వీటితోనే భోజనానికి కూర్చోనా?"

హేమావతి తన విస్తరి కూడా వెనక్కి లాక్కుంది.

రుక్మాంబ వెనక్కి వెళ్ళింది. కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటున్న చప్పుడైంది. ఒట్టి కాళ్ళతో వచ్చి కూర్చుని మజ్జిగ పోయమంది. నేల తుడిచే పని మాత్రం హేమావతికే పడింది.

ఆ సాయంత్రం హేమావతి కంప్యూటర్ గదిలోకి వెళ్ళింది. పెద్ద బ్రౌజర్‌లోంచి సుగుణ ఖాతా తీసేసింది. అందులోనే ఎవరి ఖాతా అక్కరలేని కొత్త విండో తెరిచి, పరీక్ష సైటు ఒక్కటే పెట్టి, దరఖాస్తు నంబరు, పుట్టిన తేదీ కొట్టింది. హాల్‌టికెట్ కాగితం చేతికి రాగానే అన్నీ మూసేసింది.

పరీక్ష రోజు సుగుణను లోపలికి పంపి గేటు బయట నిలబడింది. వచ్చిన ప్రతి మగవాడి ముఖంలోకీ చూసింది. ఒక మోటార్ సైకిల్ సరిగ్గా ఎదురుగా వచ్చి ఆగేసరికి గేటుకి అడ్డంగా జరిగింది. అతను హెల్మెట్ తీశాడు. ఎవరో ముసలాయన, మనవరాలి కోసం వచ్చాడు.

గంట కొట్టాక సుగుణ బయటికి వచ్చింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, వెనక్కి తిరిగి చూసుకుంటూ బస్సెక్కారు.

ఆశ్రమం చేరేసరికి చీకటి పడుతోంది. రుక్మాంబ అరుగు మీద కూర్చుని ఉంది.

"మధ్యాహ్నం అతను ఫోన్ చేశాడు," అంది. "ఏమీ కనబడటం లేదు, మీ కంప్యూటర్ పాడైందా అని అడిగాడు."

సుగుణ హేమావతి భుజం గట్టిగా పట్టుకుంది.

"మీరేమన్నారమ్మా?" అంది హేమావతి.

రుక్మాంబ నీళ్ళ తొట్టి వైపు చూపించింది.

"కాళ్ళు కడుక్కుని రండి. అన్నం పెడతాను."