నాలుగు తడికలు, ఒక డ్రోను

"మిమ్మల్ని అడక్కుండా ఒక్క ఫొటో కూడా తీయను" అని కాలవగట్టు కాలనీ ఆడవాళ్ళకు మాటిచ్చిన సామాజిక కార్యకర్త సాకేత్, న్యాయం తనవైపు ఉంటే ఎవరినీ అడగనక్కర్లేదనుకునే మనిషి.

ఆ కాలనీలో మురుగు పోయే దారి లేదు. పంచాయతీకి అర్జీ రాయడం వాళ్ళకు సాకేతే నేర్పాడు. కాగితంలో పైన అధికారులిచ్చిన హామీ రాయాలి, కింద జవాబుకు గడువు వేయాలి. "గడువు లేని అర్జీ బిచ్చమే" అనేవాడు.

గడువు దాటినా జవాబు రాలేదు. సాకేత్ మండిపడ్డాడు. ఒక పొద్దున చెప్పాపెట్టకుండా కాలనీ మీద డ్రోను ఎగరేశాడు. తీసింది పూర్తిగా చూసుకోకుండానే ఆ సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు తెర కట్టాడు. నిజాన్ని దాచే హక్కు ఎవరికీ లేదని మైకులో గర్జించాడు.

తెర మీద మురుగు కనిపించింది. దాని పక్కనే తడికలు కట్టిన స్నానాల గది కనిపించింది. దానికి పైకప్పు లేదు. లోపల ఆ కాలనీలోనే ఉండే నాంచారమ్మ తలంటుకుంటోంది.

జనంలో ఎవడో ఈల వేశాడు. కొందరు ఫోన్లు పైకెత్తారు. సాకేత్ వీడియో ఆపేసరికి, ముందు వరుసలో ఉన్న నాంచారమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని వెళ్ళిపోతోంది.

మర్నాడు అతను కాలనీకి వెళ్ళాడు. స్నానాల గదులన్నిటి మీదా యూరియా గోతాలు కప్పి ఉన్నాయి. నాంచారమ్మ తలుపు తీయలేదు. లోపలినుంచే మాట్లాడింది.

"నాలుగు తడికలు చాలనుకున్నాం బాబూ. పైన దేవుడొక్కడే ఉంటాడనుకున్నాం."

"మురుగు చూపిద్దామనే పిన్నీ..."

"మురుగు పంచాయతీది. ఒళ్ళు నాది."

పక్కింటి రత్తమ్మ వచ్చి ఒక కాగితం సాకేత్ చేతికిచ్చింది. "గడువు లేనిది బిచ్చమని నువ్వేగా చెప్పావు. వేశాం, చూసుకో" అంది.

పైన అతనిచ్చిన మాట ఉంది, అక్షరం పొల్లుపోకుండా. ఆ వీడియో ఎవరెవరి ఫోన్లలో ఉందో వెతికి చెరిపించాలని, కాలనీ అందరి ముందూ జవాబు చెప్పాలని దాని కింద ఉంది. చివరి మాటలు రెండుసార్లు చదువుకున్నాడు:

"ఆకాశంలోంచి చూసినా అది ఇంట్లోకి తొంగిచూడటమే. ఎంత మంచి పనికైనా సరే, అడక్కుండా ఒకరి మరుగులోకి చూడకూడదు. జవాబుకు గడువు మే పదిహేను."