గోడ మీది గొడుగు మనిషి

కథ వెనకా ముందూ అయితే నవ్వకండర్రా. మా అమ్మ చెప్పినప్పుడు ఆవు ముందొచ్చిందో గోడ ముందొచ్చిందో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. మీరు మాత్రం ఊ కొడుతూ ఉండండి. ఆపితే నాకు దారి తప్పుతుంది.

అనగనగా కొండల కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో అప్పలనరసమ్మ అని ఒకావిడ. మొగుడు ఎర్రన్న పోయి రెండేళ్ళు. ఒక్కడే కొడుకు, కావడి భుజాన వేసుకుని కొండ సంతల్లో ఉప్పు అమ్మేవాడు. ఒకసారి ఖాళీ కావడితో పాటు పెళ్ళాన్ని కూడా తెచ్చుకున్నాడు. కొండ పిల్ల, పేరు సింగారి. పనిలో వంక లేదు, మాటలో వంక లేదు. అదే అత్తకి పెద్ద దిగులు.

వానలు పడబోతున్నాయనగా ఆ పిల్ల బియ్యప్పిండి కలిపి, వెదురు పుల్లతో వంటింటి గోడ మీద బొమ్మలు వేసింది. ఒక ఇల్లు, ఇంటి నిండా సన్నటి మనుషులు. మూడోనాడు నరసమ్మ పాలు పితకబోతే ఆవు తన్నింది, చుక్క పాలివ్వలేదు. ఊ అనరేం?

ఇంకేముంది. ఆవు తన్నింది, గోడ బొమ్మల వల్ల. కుండ పగిలింది, గోడ బొమ్మల వల్ల. పక్కింటావిడకి పన్ను సలిపింది, అదీ గోడ బొమ్మల వల్లే. ఊరి పెద్ద చూడ్డానికొచ్చాడు. గుమ్మానికి వేలాడే బూడిద గుమ్మడికాయ తగలకుండా తల వంచాడు. గడప మీది పసుపు తొక్కకుండా దాటాడు. నిమ్మకాయ మిరపకాయల దండ పక్కనించి ఒదిగి లోపలికొచ్చి, ఇది చేతబడే అని తేల్చాడు. సింగారి ఏదో చెప్పబోతే నోర్ముయ్యమన్నాడు. కొడుకు సంత నుంచి తిరిగొచ్చేలోగా పిల్లని పుట్టింటికి తోలెయ్యమన్నాడు. నరసమ్మ ఆ పూటే పేడ తెచ్చి సగం గోడ అలికేసింది.

కబురందుకుని పిల్ల తండ్రి కొండ దిగొచ్చాడు. వచ్చినవాడు గడప దగ్గరే ఆగిపోయాడు. కుంకుమ పూసిన గుమ్మడికాయని చూశాడు, కోరల దిష్టిబొమ్మని చూశాడు. రెండడుగులు వెనక్కేసి, లోపలికి రానన్నాడు. నరసమ్మకి ఒళ్ళు మండి, మాది ఆచారం, నీ కూతురిదే చేతబడి అంది.

ఆయన కోప్పడలేదు. మా పిల్ల మొదటిసారి పుట్టింటికొచ్చి మీ గుమ్మం సంగతి చెప్పినప్పుడు మా వాళ్ళూ ఇలాగే అన్నారమ్మా అన్నాడు. ఇలాంటి గుమ్మం ఉన్న ఇంటికి పిల్లని మళ్ళీ పంపొద్దన్నారట. సింగారే అందరి నోళ్ళూ మూయించిందట. కొడుకు చల్లగా ఉండాలని మా అత్త కట్టుకుంది, మనం గోడ మీద బొమ్మలు రాసుకోమా, అదీ అలాంటిదే అందట.

నరసమ్మ గిరుక్కున తిరిగింది. లోపలికెళ్ళింది. కోడలు మూట కట్టుకుంటోంది. మూడు నెలల్లో ఆవిడ మొదటిసారి అడిగింది.

"ఎవరే వీళ్ళంతా?"

"పోయినోళ్ళు అత్తా. వానకి తడవకుండా గోడ మీద ఇల్లు కడతాం."

అలికింది పోగా గోడ మీద ఒక తాటాకు గొడుగు మిగిలింది. దాని కింద వంకర కాలొకటి, మొహం పేడ కిందికి పోయింది.

"ఇదెవరు?"

"మామ. కాలీడ్చేవాడనీ, ఎండైనా వానైనా గొడుగు వదిలేవాడు కాదనీ మీ అబ్బాయి చెప్పాడు."

నరసమ్మ చేతులు చీరకి తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది. "మూట విప్పవే," అంది చివరికి. "పిండి కలుపు. ఆయన మొహం నువ్వే వెయ్యి."

ఈలోగా బయట తండ్రి ఊరికే కూర్చోలేక ఆవు పొదుగు తడిమి చూస్తే తుమ్మముల్లు. తీసేశాడు. సాయంత్రానికి చెంబు నిండా పాలు. నెల తిరక్కుండా ఊరి పెద్ద కూడా వచ్చి, పోయిన మా అమ్మకి ఆ గోడ మీద కాస్త చోటుందా అని నసిగాడు. సింగారి ఆయన తల్లి పేరడిగి మరీ వేసింది. అందుకేనర్రా, ఎవరి గోడైనా అలికేముందు ఒక మాట అడగాలి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.

ఒసేయ్ సత్యవేణీ, నిద్రపోయావా? ఆ పిల్ల పేరు సింగారేనా, లేక చిలకమ్మా? మీ పెద్దమ్మనడిగి పేర్లన్నీ సరిచూసి చెప్పవే. తప్పు పేరు చెప్పానంటే, పాపం ఆ పిల్ల ఎక్కడో వానలో తడుస్తూ ఉంటుంది.