నాంచారమ్మ చారు టమాటా

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు మలుపు తిరిగే చోట ఒక ఏదుపంది కాపురం ఉండేది. పేరు నాంచారమ్మ. ఒంటి నిండా ముళ్ళు. నోట్లో అంతకంటే పదునైన ముళ్ళు. ఆవిడతో మాట కలపాలంటే అడవిలో అందరికీ హడలు.

నాంచారమ్మకు ఒక్కతే కూతురు, చుక్కి. పిల్లకు జ్వరం వచ్చి తగ్గింది గానీ నోరు చేదెక్కిపోయింది. ఏం పెట్టినా మూతి తిప్పేసేది. "పుల్లగా చారు కాచవే అమ్మా" అని ఒకటే గొడవ. చారుకు టమాటా కావాలి. ఇంటి వెనక చాపంత పెరడు ఉంది. వేద్దామంటే విత్తనం లేదు.

సంగతి తెలిసి ముందు నెమలి వచ్చింది.

"మా రకం వెయ్యి నాంచారమ్మా. కాయ ఒక్కోటీ నీ తలకాయంత ఉంటుంది. అద్దంలా మెరుస్తుంది. దారినపోయేవాళ్ళు ఆగి చూడకపోతే నన్నడుగు" అంది.

తరవాత కోతి వచ్చింది.

"నాది ద్రాక్ష గుత్తుల్లా కాసే రకం. భలే తియ్యన. కోసింది కోసినట్టే నోట్లో వేసుకోవడమే" అంది.

"ఎవరి నోట్లో? నీ నోట్లోనేగా" అంది నాంచారమ్మ. కోతి పళ్ళికిలించి చక్కా పోయింది.

చివరికి కాకి వచ్చి కంచె మీద వాలింది. ముక్కున ఒక ముడతల నాటు టమాటా ఉంది. దాన్ని కింద పెట్టి అడిగింది.

"ముందు ఇది చెప్పు వదినా. మీ ఇంట్లో ఏం వండుతారు?"

"నా వంట సంగతి నీకెందుకే? పెరడు పెరడూ తిరిగి దొంగతనంగా తినేదానివి, నువ్వా నాకు చెప్పేది?"

"అలా తిన్నాను కాబట్టే ఏ కాయ ఏ రుచో తెలుసు. చుక్కి అడిగే చారుకైతే ఇదే వదినా. పులుపుకు కళ్ళు మూతలు పడతాయి."

నాంచారమ్మ కాయను చూసింది. వంకరటింకరగా, బుగ్గలు పీక్కుపోయిన మొహంలా ఉంది. కొమ్మ మీంచి నెమలి చూస్తోంది. ఇలాంటిది వేస్తే అడవంతా తిరిగి నవ్వుతూ చెప్పదూ? అంతే, ఆ కాయను అంట్లు తోమే చోటికి విసిరేసింది. పెరడంతా నెమలి ఇచ్చిన విత్తనమే వేసింది.

మొక్కలు ఏపుగా పెరిగాయి. కాయలు నిజంగానే తలకాయంత కాశాయి. దుప్పులు ఆగి చూశాయి. కుందేళ్ళు ఆగి చూశాయి. నాంచారమ్మ ముళ్ళన్నీ విప్పుకుని కంచె దగ్గరే నిలబడేది.

"చారెప్పుడే అమ్మా?"

"ఆగవే. నక్కగారు ఇంకా చూడలేదు."

నక్కగారు చూసేలోపు వాన వచ్చింది. బరువుకు కొమ్మలు విరిగాయి. కాయలు నిలువునా పగిలాయి. మిగిలినవి ఏరి చారు కాచింది నాంచారమ్మ. చుక్కి ఒక్క గుక్క తాగి గిన్నె పక్కకు నెట్టింది.

"ఇది ఉత్త వేణ్ణీళ్ళే."

పిల్ల ముళ్ళు కూడా వాలిపోయి ఉన్నాయి. అప్పుడు తగిలింది నాంచారమ్మకు. 'అడవిలో అందరి కళ్ళకూ పెట్టాను. నా పిల్ల నోటికి పెట్టలేకపోయాను' అనుకుంది.

గిన్నె కడగడానికి వెళ్ళింది. అంట్ల నీళ్ళు పారే చోట, ఎవరూ నాటని మొక్క ఒకటి నిలబడి ఉంది. నిండా ముడతల కాయలు. వానకు ఒక్కటీ పగల్లేదు. నాంచారమ్మ గబగబా కోసి, చిదిమి, మిరియాలు దంచి వేసి చారు కాచింది. చుక్కి ఒక గుక్క తాగింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. నాలుక చప్పరించింది. గిన్నె ముందుకు చాపింది.

"ఇంకాస్త పొయ్యవే."

నాంచారమ్మ పోసింది. ఆ తరవాత మొక్క మీది మేలైన కాయను కొయ్యకుండా బాగా పండనిచ్చింది. విత్తనానికని గింజలు తీసి, బూడిద కలిపి, పిడకకు అద్ది ఎండబెట్టింది. కాకిని పిలిచి గిన్నెడు చారు పోసింది.

"కూర్చుని తాగు. దొంగచాటుగా కాదు."

"పిలిచి పెడితే రుచి తగ్గుతుందేమో అనుకున్నా. తగ్గలేదు వదినా" అంది కాకి.

మళ్ళీ నార్లు పోసే రోజులు వచ్చాయి. చుక్కి కంచె చుట్టూ గెంతుతోంది. నెమలి తోక ముడుచుకుని వచ్చింది.

"నాంచారమ్మా, నాకూ నాలుగు గింజలు ఇస్తావా?"

నాంచారమ్మ ముళ్ళు ఒక్కసారి లేచాయి. మళ్ళీ మెల్లగా దిగాయి.

"ఇస్తాలే. ముందు ఇది చెప్పు. మీ ఇంట్లో ఏం వండుతారు?"

నీతి: పెరట్లో ఏం వెయ్యాలో చూసేవాళ్ళ కళ్ళను కాదు, తినేవాళ్ళ నోటిని అడగాలి.